రేకులు దించే ముందు ఆ 14 పేర్లు రాసిపెట్టు

ప్రశ్న: అక్కా, నేను డిప్లొమా సివిల్ చేశాను. వయసు 26. తిరుపతిలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా ఉన్నాను. రేణిగుంట రోడ్డులో పాత గోడౌను ఒకటి పడగొట్టి కొత్త బిల్డింగు కట్టే పని. 1980ల్లో కట్టిన గోడౌను అది. పైకప్పంతా సిమెంటు రేకులే, 300 దాకా ఉంటాయి. పనివాళ్లు 14 మంది, అందులో 5 మంది ఆడవాళ్లు. మొన్న ఒక వరస రేకుల్ని సుత్తెలతో పగలగొట్టి కిందికి తోశారు. ఆ దుమ్ములో మనిషికి మనిషి కనపడలేదు. వెనక గదిలో సగం మిగిలిన పెయింట్ డబ్బాలు, టిన్నరు, జనరేటరు నుంచి తీసిన కాలిన ఆయిల్ రెండు పీపాలు, ఒక మూటెడు పాత ట్యూబ్‌లైట్లు ఉన్నాయి. "అన్నీ రాత్రికి ట్రాక్టర్‌లో వేసి స్వర్ణముఖి ఒడ్డున దించేయండి. రిజిస్టర్‌లో మామూలు డెబ్రిస్ అని రాసి సంతకం పెట్టు" అంటున్నాడు మా కాంట్రాక్టరు. పనిచేసే ఒకామె విరిగిన రేకుల్ని మేకల దొడ్డికని ఇంటికి తీసుకుపోయింది. ఒకాయన రెండు వారాలుగా దగ్గుతూనే ఉన్నాడు. ఆ తెల్లదుమ్ము చొక్కాతోనే నేనూ ఇంటికి పోయాను. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఇలాంటి రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ నార గురించి చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోతుందని టెన్షన్. ఏం చేయమంటారు?
ఒక సూపర్‌వైజర్, తిరుపతి

జవాబు:

తమ్ముడూ, ముందు పాప సంగతి చెబుతాను. అది తేలితే గాని మిగతాది నీ చెవికెక్కదు.

ఆస్బెస్టాస్ వల్ల వచ్చే జబ్బులు ఎంత దుమ్ము పీల్చాం, ఎన్నాళ్లు పీల్చాం అనేదాన్ని బట్టి ఉంటాయి. ఒక సాయంత్రం నీ చొక్కా మీద వచ్చిన దుమ్ముతో పాపకి ఏదో అయిపోతుందని గుండెలు బాదుకోవద్దు. అలాగని ఇంతవరకు పీలిస్తే ఏమీ కాదు అని చెప్పే హద్దు కూడా లేదు. కాబట్టి ఇంకోసారి జరగకుండా చూసుకోవాలి. ఆ చొక్కా ఇంకా చిలక్కొయ్యకే వేలాడుతుంటే దులపొద్దు. నీళ్ల బకెట్‌లో మెల్లగా ముంచి, ఇంట్లోవాళ్ల బట్టల్లో కలపకుండా విడిగా ఉతుకు. నువ్వు కూర్చున్న చోట, చెప్పులు విప్పిన చోట చీపురు పెట్టకుండా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆ గుడ్డని కవర్‌లో కట్టి పక్కన పెట్టు. ఇక మీదట సైట్‌లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి పో. పాపని ఎత్తుకోవడం ఆ తర్వాతే.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాయన బేల్దారి మేస్త్రీ. చిత్తూరు చుట్టుపక్కల కోళ్ల షెడ్లు, బెల్లం గోడౌన్లు, రేకుల ఇళ్లు ఎన్నో కట్టాడు. సిమెంటు రేకుని హాక్సాతో కోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద తెల్లగా ఉండేది. మా అమ్మ గడప దగ్గరే ఆయన చొక్కా విప్పించి దులిపేది, పక్కన మేం ఆడుకుంటూ ఉండేవాళ్లం. అరవై దాటాక ఆయనకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సంవత్సరాల్లో, ఎక్కడ, ఏం పని చేశారు?" అని. మా నాయన దగ్గర దానికి జవాబు లేదు. ముప్ఫై ఏళ్లలో ఎంతమంది మేస్త్రీల కింద చేశాడో, ఎన్ని ఊళ్లు తిరిగాడో, ఒక్క కాగితం ముక్క లేదు. ఆ ఆయాసానికి కారణం రాతినారా, సిమెంటు దుమ్మా, బీడీలా అని ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. నేను భద్రత పనిలోకి వచ్చింది ఆయన్ని చూసే.

రాతినార అంటే ఆస్బెస్టాసే. పాతకాలం పేరు. మనకి కొత్త సరుకు కాదది. పక్కనే కడప జిల్లా పులివెందుల దగ్గర ఒకప్పుడు రాతినార గనులు ఉండేవి. మన దేశంలో ఆ గనులు ఆగిపోయి చాలా ఏళ్లయింది, కానీ బయటి దేశాల నుంచి తెచ్చిన నారతో రేకులు ఇప్పటికీ చట్టప్రకారమే తయారవుతున్నాయి. అందుకే "అమ్ముతున్నారు కదా, ప్రమాదమైతే గవర్నమెంటు ఎందుకు అమ్మనిస్తుంది" అని మీ కాంట్రాక్టరు అడగొచ్చు. దానికి నీ జవాబు ఒకటే. కప్పు మీద కదలకుండా ఉన్న రేకు వేరు, సుత్తె దెబ్బ తిన్న రేకు వేరు. గట్టిగా ఉన్న రేకులో నార సిమెంటులో బిగిసి ఉంటుంది. పగలగొట్టినా, కోసినా, గ్రైండర్ పెట్టినా, పాచి పోవాలని వైరు బ్రష్‌తో రుద్దినా అది గాల్లోకి లేస్తుంది. ఆ నార పోగులు చాలావరకు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండవు. కంటికి కనపడేది మామూలు దుమ్ము. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోయేది కనపడనిది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్, ఇవన్నీ చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడతాయి. ఇప్పుడు మీ సైట్‌లో 22 ఏళ్ల కుర్రాడు ఉంటే, అతనికి జబ్బు కనపడే నాటికి ఆ గోడౌనూ ఉండదు, కాంట్రాక్టరూ ఉండకపోవచ్చు.

ఇక పని సంగతి. రేపటి నుంచి రేకు మీద సుత్తె పడకూడదు. ఈ ఒక్క మాట నిలబెట్టుకుంటే సగం పని అయినట్టే.

నిదానంగా చచ్చే చావు గురించి చెప్పాను. అక్కడికక్కడే పోయే చావు ఇంకోటి ఉంది. నలభై ఏళ్ల నాటి రేకు మీద మనిషి నడిస్తే అది ముందు శబ్దం చేయదు, వంగదు. ఒక్కసారిగా పగిలి మనిషి కింద గచ్చు మీద పడతాడు. బోల్టులున్న వరస మీద నడిస్తే ఏమీ కాదు అని పాతవాళ్లు చెబుతారు, నమ్మొద్దు. తడి రేకు మీద కాలు జారుతుంది కూడా. కాబట్టి ఎవరూ రేకు మీద నిలబడకూడదు. వీలైనంతవరకు లోపల పరంజా కట్టి కింది నుంచే విప్పించు. తప్పనిసరిగా పైకి ఎక్కాల్సి వస్తే బరువు రెండు మూడు ఇనుప దూలాల మీద పడేలా పొడవాటి మందపాటి పలకలు వేసి, సేఫ్టీ బెల్ట్ తాడుని రేకుల ఫ్రేముకి కాకుండా గట్టి ఆధారానికి కట్టించు. కింద మనుషులు తిరగకుండా తాడు కట్టి ఒకర్ని కాపలా పెట్టు.

రేకుని విప్పే ముందు తడపాలి. పొలంలో మందు కొట్టే వీపు స్ప్రేయరు కొత్తది ఒకటి కొను. పాత మందు డబ్బా వద్దు, దాంట్లో విషం ఉంటుంది. నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ కలిపితే నీళ్లు జారిపోకుండా రేకులోకి ఇంకుతాయి. సన్నటి జల్లులా కొట్టాలి. గట్టి పైపు పెట్టి కొడితే దుమ్మూ, ముక్కలూ లేస్తాయి. బోల్టు చుట్టూ బాగా తడిపి స్పానర్‌తో విప్పండి. తుప్పు పట్టి రాకపోతే చేతి కట్టర్‌తో బోల్టునే తెంచండి, గ్రైండర్ తీయొద్దు. మూడు మీటర్ల రేకు ఒక్కోటి 40 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టి తాడుతో దించాలి. దించిన రేకుల్ని ఒకదాని మీద ఒకటి మెల్లగా పేర్చి, మందపాటి పాలిథీన్‌తో రెండు పొరలు చుట్టి, టేపు వేసి, మీద "ఆస్బెస్టాస్, పగలగొట్టొద్దు" అని తెలుగులోనూ, మీ పనివాళ్లకి వచ్చిన భాషలోనూ పెద్దగా రాయించు. మొన్న విరిగిన ముక్కల్ని తడిపి, చేత్తో ఏరి, అలాగే రెండు కవర్లలో కట్టాలి. అక్కడ చీపురు పెట్టి ఊడ్చడం వద్దే వద్దు.

మన తిరుపతి ఎండలో పది దాటాక మాస్కు పెట్టుకుని పనిచేయడం నరకం. చెప్పి చూస్తావు, పది నిమిషాలకి అందరూ గడ్డం కిందికి లాగేస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు. రేకుల పని పొద్దున ఆరు నుంచి పది లోపే పెట్టు. గాలి కూడా తక్కువగా ఉంటుంది, తడి ఆరదు. తర్వాత గోడల పని చేయించుకో. మాస్కు విషయంలో తువ్వాలు, చీర కొంగు, మెడికల్ షాపు నీలం మాస్కు ఈ నారని ఆపవు. ఎఫ్‌ఎఫ్‌పి3 అని రాసి ఉన్నవి, లేదంటే రెండు పక్కలా ఫిల్టర్లు బిగించే సగం ముఖం రబ్బరు మాస్కుకి పి100 ఫిల్టర్లు పెట్టి వాడాలి. ఇంకో సంగతి, మన దగ్గర ప్రత్యేకం. మాల వేసుకున్నవాళ్లు గడ్డం తీయరు. గడ్డం ఉన్న ముఖానికి ఈ మాస్కు అతుక్కోదు, పక్కల నుంచి గాలి లోపలికి వస్తుంది. దీక్షలో ఉన్న స్వాముల్ని రేకుల దగ్గరికి పంపకుండా దీక్ష అయ్యేదాకా వేరే పని ఇవ్వు. కూలి తగ్గించకుండా ఇవ్వు.

బీడీ తాగేవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడు. పొగ తాగేవాళ్లకి ఆస్బెస్టాస్ దుమ్ము తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం రెండూ కూడినంత కాదు, అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. సద్ది మూటలు విప్పి తినే చోటు రేకులకి దూరంగా ఉండాలి. తినేముందు చేతులూ ముఖమూ కడుక్కోవడానికి డ్రమ్ముతో నీళ్లు పెట్టించు.

డ్రమ్ము అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. సైట్లలో నాకు అన్నిటికంటే భయం వేసేది ఖాళీ కెమికల్ డ్రమ్ములు. వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ అయిపోగానే ఆ నీలం డ్రమ్ముని రెండుసార్లు తొలిపి తాగే నీళ్లు పట్టేస్తారు. టిన్నరు డబ్బాలో సాంబారు కూడా చూశాను. తొలిపినా ప్లాస్టిక్‌లో ఇంకిన కెమికల్ పోదు. ఎవరూ నీళ్లకి వాడకుండా ఆ గదిలో ఉన్న డబ్బాలన్నిటికీ మేకుతో చిల్లు పెట్టించే ఆలోచన నీకు రావచ్చు. టిన్నరు, పెయింట్ ఉన్న డబ్బాలకి చిల్లు పెట్టొద్దు. ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. మూత బిగించి, నీడలో, బీడీకీ వెల్డింగుకీ దూరంగా తాళం వేసిన గదిలో పెట్టు. పాడైన కెమికల్ డబ్బాలు కూడా ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనే ఉన్నాయి, పాత ఇనుము కొనేవాడికి వేయకూడదు.

కాలిన ఆయిల్ సంగతి. ఆ రెండు పీపాలు నదిలో పోయకపోయినా ఇంకో దారిలో పోతాయని నాకు తెలుసు. సెంట్రింగ్ పలకలకి పూస్తారు. ఎక్కడ చూసినా ఇదే అలవాటు. ఒట్టి చేతుల్తో గుడ్డ ముంచి పూసే ఆడవాళ్ల అరచేతులు ఎలా అవుతాయో నువ్వూ చూసే ఉంటావు. ఇంజన్‌లో కాలిన ఆయిల్‌లో లోహాలు, క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి. షట్టరింగ్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, అది వాడండి. కాలిన ఆయిల్‌ని రిజిస్టరైన రీసైక్లరుకే ఇవ్వాలి. పీపాలకింద మందపాటి ప్లాస్టిక్ పరిచి, చుట్టూ ఇసుక కట్ట పోయించు. నీళ్ల బోరుకి దూరంగా ఉండాలి.

ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. ఒక్కో దాంట్లో కొద్దిగానే, కానీ మూటెడు ఒకేసారి పగిలితే ఆ గదిలో ఆవిరి పీల్చేది పనివాళ్లే. అట్టపెట్టెలో నిలువుగా పెట్టించు. ఇంతకంటే చెప్పేదేమీ లేదు దీనికి.

నీ ఉత్తరంలో లేనిది ఒకటి అడుగుతాను. ఆ గోడౌను పాత తలుపులు, కిటికీలు ఏం చేస్తున్నారు? చాలా సైట్లలో వాటిని పనివాళ్లు పొయ్యిలోకి వాడతారు. ఉచితంగా వచ్చే కట్టెలు కదా. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి వచ్చింది. 1980ల నాటి తలుపు మీద ఐదారు పూతలు ఉంటాయి, వాటిలో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ చెక్క కాలితే సీసం పొగలోకి, బూడిదలోకి వస్తుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు. పక్కనే పిల్లలు ఆడుకుంటారు. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, చదువు మీద, మెదడు మీద దెబ్బ కొడుతుంది. పాత తలుపుల్ని పొయ్యి దగ్గరికి పోనివ్వకు. తీసుకోవద్దు అని ఊరికే అంటే వినరు, వంటకి గ్యాసో, రంగు లేని కట్టెలో సైట్ ఖర్చులో ఇప్పించు. రంగు గీకాల్సి వస్తే తడిపి గీకాలి, పొడిగా శాండ్‌పేపర్ పెట్టకూడదు.

ఇప్పుడు స్వర్ణముఖి. కొంచెం లెక్క వేసి చూద్దాం. 300 రేకులూ మూడు మీటర్లవి అనుకుంటే 12 టన్నులు. మన దేశంలో రేకుల్లో ఆస్బెస్టాస్ పదో వంతుకి కాస్త తక్కువ ఉంటుంది. అంటే ఒక టన్ను రాతినార తీసుకుపోయి నది ఒడ్డున పోయమంటున్నాడు మీ కాంట్రాక్టరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే ఇసుక నది అది, ఆయిల్ పోస్తే పోసింది పోసినట్టే ఇంకి బావుల్లోకి చేరుతుంది. 2021 నవంబరు వానలకి స్వర్ణముఖి ఎలా పొంగిందో నువ్వు చూసే ఉంటావు. ఒడ్డున పడేసింది ఒడ్డునే ఉండదు. రేణిగుంట దాటి శ్రీకాళహస్తి వైపు పోతుంది. ఇసుక తోడేవాళ్ల పారలకి తగులుతుంది. ఆ ఇసుకే జల్లెడ పట్టి, ట్రాక్టర్‌లో వేసి మళ్లీ ఏదో ఒక సైట్‌కి వస్తుంది.

చట్టం ఏమంటుందో తెలుసుకో, ఎందుకంటే నీతో వాదించేవాళ్లు సగం చట్టం చెబుతారు. ప్రమాదకర వ్యర్థాల మీద 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో కాలిన ఆయిల్, కెమికల్ అంటిన ఖాళీ డబ్బాలు స్పష్టంగా ఉన్నాయి. పారేసిన ఆస్బెస్టాస్ కూడా ఉంది. కాకపోతే అది ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసే పరిశ్రమల శీర్షిక కింద ఉంది. కూల్చివేతలో వచ్చిన రేకుల పేరెత్తి రాయలేదు. ఈ సందు పట్టుకుని "మనకి వర్తించదు" అనేవాళ్లు ఉన్నారు. జాబితాలో ఏ వరసలో రాశారో ఊపిరితిత్తికి తెలియదు. నువ్వు చేయాల్సింది, తిరుపతిలో ఉన్న కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒక పేజీ ఉత్తరం రాసి, ఏమేం ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి, ఎక్కడికి పంపాలి అని అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోవడం. విశాఖ దగ్గర పరవాడలో ఉన్నట్టు ప్రమాదకర వ్యర్థాలని శాస్త్రీయంగా పూడ్చే కేంద్రాలు వేరే ఉంటాయి. మామూలు ఇటుక, కాంక్రీటు ముక్కల్ని తీసుకునే కార్పొరేషన్ వాళ్లకి ఈ రేకుల్ని కలిపి పంపకూడదు. కలిపితే క్రషర్‌లో పడి అక్కడ పనిచేసేవాళ్ల ముక్కుల్లోకి పోతుంది.

ప్రమాదకర వ్యర్థాన్ని సైట్‌లో 90 రోజులకి మించి ఉంచకూడదు. పంపేటప్పుడు సరుకు వెంట వెళ్లే ఫారం 10 అనే చిట్టా (మానిఫెస్టు) ఉంటుంది, ఏడు రంగుల కాపీలు. పసుపు కాపీ పంపినవాళ్ల దగ్గర ఉంటుంది. సరుకు చేరి, దాన్ని శుద్ధి చేశాక నీలం కాపీ తిరిగి పంపినవాళ్లకి రావాలి. ఆ నీలం కాగితం వచ్చేదాకా పని అయిపోయినట్టు రిజిస్టర్‌లో రాయకు.

సంతకం మాటకి వచ్చాను. "మామూలు డెబ్రిస్" అని రాసి సంతకం పెట్టొద్దు తమ్ముడూ. నది ఒడ్డున ఆ రేకులు దొరికిన రోజున కాంట్రాక్టరు నోటితో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు, నీ చేతి రాతకి ఉంటుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇప్పుడు జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంది. ఆయనతో గొడవ పెట్టుకోమని నేను అనను. మర్యాదగా, కాగితం మీద పెట్టు. ఈ రాత్రే వాట్సాప్‌లో ఇలా పంపు:

"సార్, నమస్తే. గోడౌను కప్పు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా తడిపి, బోల్టులు విప్పి దించాలి. దానికి ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. పరంజా, పాలిథీన్, మాస్కులు కావాలి. కాలిన ఆయిల్, పెయింట్ డబ్బాలు, ట్యూబ్‌లైట్లు విడిగా గదిలో పెట్టించి తాళం వేశాను. ఎక్కడికి పంపాలో పొల్యూషన్ బోర్డు ఆఫీసులో అడుగుతాను. గోడౌను ఓనరు గారితో మాట్లాడి ఈ ఖర్చు విడిగా అడగొచ్చు. మీరు సరేనంటే రేపు ఇలాగే మొదలుపెడతాం."

అందులో బెదిరింపు లేదు. ఆయనకి బయటపడే దారి చూపించావు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా చెప్పావు. చాలామంది కాంట్రాక్టర్లు చెడ్డవాళ్లు కారు. రేటు మాట్లాడుకునేటప్పుడు ఈ పని లెక్కలోకి రాలేదు, ఇప్పుడు చేతి నుంచి పెట్టాలంటే బాధ. ఓనరు దగ్గర అడిగే ధైర్యం నీ మెసేజ్ ఇవ్వొచ్చు. అప్పటికీ వినకపోతే, ఒంటికి ప్రమాదం అనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టరుకీ చెప్పుకునే హక్కు పనిచేసేవాళ్లకి ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ మాట రాసి ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినా రసీదు వస్తుంది.

ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. ఇస్తే అబద్ధం అవుతుంది. కానీ 26 ఏళ్లకి, డిప్లొమా చేతిలో ఉన్నవాడికి, తిరుపతి నుంచి శ్రీసిటీ దాకా ఇంత కట్టుబడి జరుగుతున్న చోట ఇంకో సైట్ దొరుకుతుంది. భార్యతో ఈ రోజే మాట్లాడు. రెండు నెలల ఇంటి ఖర్చుకి ఏం చేయాలో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఆ లెక్క చేతిలో ఉంటే ఆయన ముందు నీ గొంతు వణకదు.

దగ్గుతున్న అన్న సంగతి ఆలస్యం చేయకు. అది మొన్నటి రేకుల దుమ్ము వల్ల అని నువ్వే తీర్పు ఇవ్వకు, అతన్నీ భయపెట్టకు. ఆస్బెస్టాస్ జబ్బు రెండు వారాల్లో రాదు. రెండు వారాలు దాటిన దగ్గు అంటే ముందు చూడాల్సింది టీబీ. బేల్దారి పనివాళ్లకి, రాళ్లు కొట్టేవాళ్లకి రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ కూడా రావచ్చు, అది ఉన్నవాళ్లకి టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. రుయా ఆసుపత్రికి నువ్వే తోడు పోయి కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించు. టీబీ పరీక్షకీ, మందులకీ గవర్నమెంటులో డబ్బు తీసుకోరు. డాక్టరుకి అతను చేసే పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నాడో విడమరిచి చెప్పు, చీటీలో రాయమని అడుగు. మిగతావాళ్లకి ఇప్పుడు ఎక్స్‌రే తీసినా మొన్నటి దుమ్ము కనపడదు, ఊరికే డబ్బు ఖర్చు పెట్టించకు.

నేను నీ నుంచి అన్నిటికంటే ఎక్కువగా కోరేది ఇంకోటి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. మొన్న సుత్తెలతో పగలగొట్టిన తేదీ రాయి. ఆ రోజు అక్కడున్న 14 మంది పేర్లు, ఊరు, వయసు, ఏ పని చేశారు, ఎంతసేపు, ముఖానికి ఏం కట్టుకున్నారు, అన్నీ రాయి. నీ పేరు పదిహేనోది. ప్రతి ఒక్కరికీ చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకుని, ఆ పేజీ ఫొటో వాళ్ల ఫోన్‌కే పంపు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల గురించి తీర్పు ఇస్తూ, పనివాడి ఆరోగ్య రికార్డుని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా దాచాలని ఆదేశించింది. ఆ 40 ఏళ్లు ఎందుకన్నారో మా నాయనని చూశాక నాకు అర్థమైంది. ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి హాజరు పట్టీ అయినా ఉంటుంది. ఊరూరా తిరిగే బేల్దారి కూలీకి నీ నోట్‌బుక్ తప్ప ఏదీ ఉండదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో వాళ్లకి కార్డులు ఉన్నాయా అని కూడా అదే పేజీలో రాయి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసినవాళ్లు చేరొచ్చు. లేనివాళ్లకి నువ్వే దగ్గరుండి చేయించు.

రేకులు తీసుకుపోయిన ఆమె ఇంటికి రేపు పొద్దున పనికి పోయే దారిలో నువ్వే వెళ్లు. ఫోన్‌లో చెప్పకు, ఇంకెవరితోనూ కబురు పంపకు. ఆ ముక్కల్ని కోశారా, పిల్లలు ఆడుకుంటున్నారా చూడు. తడిపి, రెండు కవర్లలో కట్టి సైట్‌కి వెనక్కి తెచ్చుకో. ఆమె తప్పేమీ లేదని ముందే చెప్పు. పారేసేది ఇంటికి పనికొస్తుందని తీసుకుంది, అంతే. మేకలకి నీడ లేకుండా పోతుంది కాబట్టి ఒట్టి చేతులతో పోకు. ఆ సైజుకి రెండు జింకు రేకులు కొని తీసుకుపో. ఆ ఖర్చు కాంట్రాక్టరు ఇస్తే సరే, ఇవ్వకపోతే బిల్లు ఫొటో తీసి నాకు పంపు, నేనిస్తాను. వచ్చాక నోట్‌బుక్‌లో ఆమె పేరు మొదట రాయి.